తొంభై దగ్గర ఆగిన చెయ్యి

"రేపటి వ్యాయామం కూడా ఇవాళే చేసేశారా?"

ఫిజియో అమ్మాయి చార్టు మీంచి తలెత్తకుండానే అడిగింది.

అతను చార్టులోకి తొంగి చూశాడు. సోమవారం నుంచి శనివారం దాకా, రోజుకు మూడు గళ్ళు. ప్రతి గడిలోనూ టిక్కు ఉంది. అన్నీ ఒకే నీలం సిరా, అన్నీ ఒకే వాలు. ఆ రోజు శుక్రవారం.

"ముందుచూపండీ," అన్నాడు.

"ముందుచూపేం కాదు. బయట బెంచీ మీద కూర్చుని, పక్కనున్న మామ్మగారి దగ్గర పెన్ను అడిగి తీసుకున్నారట. ఆవిడే చెప్పారు. పెన్ను కూడా తిరిగివ్వలేదట."

అతను జేబులోంచి పెన్ను తీసి బల్ల మీద పెట్టాడు. నేరం రుజువైన మనిషికి ఉండవలసిన సిగ్గు అతనికి కాస్త తక్కువే. పైగా ఆమె నవ్వు ఆపుకోవడానికి కింది పెదవి కొరుక్కుంటోంది. అది చూడటానికైతే ఇంకో వారం టిక్కులు కూడా పెట్టేసేవాడు.

అతనికి ముప్పై ఏళ్ళు. ఒక వారపత్రికలో పాఠకుల సమస్యలకు జవాబులు రాస్తాడు. భర్త మాట్లాడని భార్యలు, అత్త మాట్లాడటం ఆపని కోడళ్ళు, ఉద్యోగం నచ్చనివాళ్ళు, ఉద్యోగమే లేనివాళ్ళు, అందరూ అతనికే రాస్తారు. ఎవరి సమస్యనైనా వేళ్ళతో సహా పెకలించి చూపిస్తాడు. చివర మాత్రం ఎప్పుడూ ఒకటే వాక్యం: 'ముందుగా మీ సమస్యను అర్థం చేసుకోండి.' తర్వాత ఏం చేయాలో ఎప్పుడూ రాయలేదు. పేజీలో చోటుండదని చెబుతాడు. ఇంట్లో బావ అతనికి పెట్టిన పేరు సలహారావు.

సలహారావు రెండు నెలల క్రితం ఆఫీసులో అటక మీది పాత ఉత్తరాల కట్ట అందుకోబోయి, కింద చక్రాలున్న ఆఫీసు కుర్చీ ఎక్కాడు. చక్రాలు వాటి పని అవి చేశాయి. కుడి భుజం దగ్గర ఎముక చిట్లింది. రెండు వారాలు చేతికి పట్టీ చాలని డాక్టరు చెబితే, అతను ఐదు వారాలు కట్టుకు తిరిగాడు. సుఖంగా ఉందట. ఎముక అతుక్కుంది, దాంతోపాటు భుజం కూడా వానాకాలం తలుపులా బిగుసుకుపోయింది.

ఫిజియో అమ్మాయి పెద్ద కోణమానిని ఒకటి తీసి అతని భుజానికి ఆనించింది.

"ఎత్తండి."

ఎత్తాడు. చెయ్యి కొంతదూరం వెళ్ళి ఆగిపోయింది.

"ఎనభై ఐదు డిగ్రీలు. పోయిన వారం కూడా ఎనభై ఐదే."

"నిలకడగా ఉందన్నమాట."

"గోడ కూడా నిలకడగానే ఉంటుందండీ. దానికి నేనేం చికిత్స చేయను కదా!"

"అసలు నేనెందుకు చేయనో నాకు బాగా తెలుసండీ," అన్నాడు అతను ఉత్సాహంగా. ఇది అతని సొంత సబ్జెక్టు. "చిన్నప్పుడు నా బూట్ల లేసులు కూడా మా అక్కే కట్టేది. అందుకని కష్టమైన పని ఏదైనా ఇంకెవరో వచ్చి చేసేస్తారని నా లోపల ఒక నమ్మకం ఉండిపోయింది."

"అబ్బో. ఇది ఎప్పుడు కనిపెట్టారు?"

"ఆరేళ్ళయింది."

"మరిప్పుడు లేసులెవరు కడుతున్నారు?"

ఇద్దరూ ఒకేసారి కిందకి చూశారు. అతని కాళ్ళకి లేసుల్లేని బూట్లు ఉన్నాయి.

ఈసారి ఆమె పెదవి కొరుక్కోవడం మర్చిపోయి గట్టిగా నవ్వేసింది. ఆ నవ్వుకి సలహారావు పని అయిపోయింది. భుజం సంగతి అటుంచి, మిగతా మనిషి అక్కడే చిక్కుకుపోయాడు.

*

మరుసటి వారం ఎనభై ఎనిమిది. అది కూడా ఆమె అక్కడికక్కడే వంచి, లాగి, తిప్పిన ఫలితం. ఇంట్లో గోడ మీద వేళ్ళతో పైకి పాకించాలి, కర్ర పట్టుకుని చేతులెత్తాలి, తలుపు మీంచి తాడు వేసి లాగాలి. అతను వీటన్నిటినీ చాలా శ్రద్ధగా చదివాడు.

"మీరు సాయంత్రాలు ఏం చేస్తారండీ?" అని ఒకసారి మాట కలిపాడు.

"పేషెంట్లతో బయట తిరగను," అంది ఆమె టక్కున.

"నేను తిరుగుదామని అనలేదే!"

"అనబోయారు. పైకి ఎత్తండి."

ఆ పై వారం శుక్రవారం బయట వాన దంచేస్తోంది. వెయిటింగ్ హాల్లో మామ్మగారు తప్ప ఎవరూ లేరు. కోణమానిని తొంభై చూపించింది. ఆమె చార్టులో అంకె వేస్తుంటే, అతను కిటికీ వైపు చూస్తూ అన్నాడు.

"నాకు అసలు కారణం తెలిసిపోయిందండీ. లేసుల సంగతి కాదు."

"మరేంటట?"

"చెయ్యి బాగైపోతే ఇక్కడికి రావడానికి నాకు కారణం ఉండదు. అందుకే చేయట్లేదు."

ఆమె పెన్ను ఆగింది. ముఖం చెవుల దాకా ఎర్రబడింది.

"సరే, తెలిసింది కదా," అంది చివరికి, నెమ్మదిగా. "ఇప్పుడేం చేస్తారు?"

ఇంతకన్నా తేలికైన ప్రశ్న పరీక్షల్లో కూడా రాదు. అతను ఆలోచించాడు. ఇంకా ఆలోచించాడు.

"దీన్ని ఇంకొంచెం లోతుగా అర్థం చేసుకోవాలి," అన్నాడు.

ఆమె పెన్ను మూత పెట్టి, లేచి, తర్వాతి పేషెంటును పిలిచింది.

సోమవారం అతను వెళ్ళేసరికి అతని ఫైలు ఆమె బల్ల మీద లేదు. హాలుకి ఆ చివర గదిలో, తలుపంత వెడల్పున్న సీనియర్ ఫిజియో దగ్గరుంది. అందరూ ఆయన్ని పెద్దాయన అంటారు.

"మేడమ్ నిన్ను నాకు అప్పజెప్పింది. పడుకో," అన్నాడాయన.

*

"ఆ ఫిజియో అమ్మాయికి నేనంటే అసహ్యం పుట్టిందక్కా," అన్నాడు సలహారావు ఆ సాయంత్రం.

అక్క బట్టలు మడతపెడుతోంది. అతను ఎడమచేత్తో టైపు చేసిన నాలుగు పేజీలు ఆమె ముందు పెట్టాడు. ఆ అమ్మాయి చూపులో మార్పు, గొంతులో మార్పు, పెన్ను మూత పెట్టిన తీరు, ఒక్కొక్కదానికీ విడిగా పేరా ఉంది.

అక్క మొదటి పేజీ చదివి, మిగతా మూడూ తువ్వాళ్ళ కింద పెట్టింది.

"ఇంతా రాశావు. ఆ పిల్లని అడిగావా?"

"అడగక్కర్లేదక్కా. అర్థమైపోయింది."

"పోయినసారీ ఇంతే. ఆ ఆఫీసు పిల్ల అంటే నీకిష్టమో కాదో నువ్వు తేల్చుకునేలోపు ఆ పిల్లకి ఇద్దరు పిల్లలు పుట్టారు."

"కవలలక్కా. లెక్కలోకి రారు."

"నోర్ముయ్. ఈ పిల్ల కూడా చెయ్యి జారిపోతే నీ ఇష్టం. ఇంకో నాలుగు పేజీలు రాసుకో, పడుంటాయి."

అతను నవ్వబోయాడు కానీ నవ్వు రాలేదు. అక్క మాటలెప్పుడూ చురుకే. ఈసారి మాత్రం కళ్ళలో నిజంగా బాధ కనిపించింది.

మర్నాడు ఆఫీసులో ఒక ఉత్తరం వచ్చింది. రెండేళ్ళ క్రితం, ఆగిపోయిన చదువు మళ్ళీ మొదలుపెట్టాలనుందని రాసిన ఒకావిడ దగ్గర్నుంచి. 'అయ్యా, మీరు చెప్పినట్టే నా సమస్యను అర్థం చేసుకున్నాను. నా భయం ఎక్కడ పుట్టిందో, ఎలా పెరిగిందో అన్నీ తెలిశాయి. చాలా బాగా అర్థమైంది. రెండేళ్ళుగా నేనూ క్షేమం, సమస్య కూడా క్షేమం. మీకు కృతజ్ఞతలు.'

అందులో వెటకారం లేదు. అదే అతన్ని నిలువునా కోసేసింది.

అతను జవాబు టైపు చేశాడు: 'అమ్మా, తప్పు నాదే. రేపు పొద్దున కాలేజీకి వెళ్ళి దరఖాస్తు ఫారం తెచ్చుకోండి. భయం పోయాక కాదు, భయంతోనే వెళ్ళండి.' పేజీలో బోలెడు చోటు మిగిలింది.

ఇంటికొచ్చి, చొక్కా కూడా మార్చుకోకుండా, గోడకెదురుగా నిలబడి వేళ్ళతో పాకించడం మొదలుపెట్టాడు. భుజం ఎత్తున ప్రాణం పోయింది. చెవి ఎత్తున కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. ఆ నొప్పి ఎందుకొస్తుందో అతనికి పూర్తిగా తెలుసు. తెలుసు కదా అని నొప్పి ఒక్క పిసరు కూడా మొహమాటపడలేదు.

"ఏమండీ, ఇలా రండి!" అక్క గుమ్మంలోంచి కేకేసింది. "వీడు గోడెక్కుతున్నాడు!"

బావ వచ్చి కాసేపు చూశాడు. ఏమీ వెక్కిరించలేదు. వెళ్ళి తలుపు మీంచి తాడు వేసి, చివర ముడి కూడా వేసిచ్చాడు.

*

పెద్దాయన దగ్గర మాటలు చెల్లవు.

"అసలు నేను ఇదివరకు ఎందుకు చేయలేదంటే సార్..."

"ఊపిరి దాచుకో. పైకి."

నూట పది. నూట ముప్పై. ఒక వారం అసలు కదల్లేదు. అప్పుడూ మానలేదు. హాల్లోంచి పోయేటప్పుడు ఆమె గది తలుపు తీసే ఉండేది. అతను తలొంచుకుని దాటేసేవాడు. ఆమె తనను చూసి ముఖం తిప్పుకుంటుందని అతనికి ఖాయంగా తెలుసు. తలెత్తి చూడలేదు కాబట్టి ఆ సంగతి ఎలా తెలిసిందో మాత్రం అడగకూడదు.

తన దగ్గరికి వచ్చిన నాలుగో శుక్రవారం పెద్దాయన కోణమానిని తీసి, రెండుసార్లు చూసి, ఫైలు మూసేశాడు.

"నూట అరవై ఐదు. ఇంక రానక్కర్లేదు. పో."

సంతోషించాల్సిన మాటే. అతని గుండె మాత్రం బావిలో బకెట్లా దిగింది. ఇంక రానక్కర్లేదు. ఈ హాలు, ఆ తెరిచిన తలుపు, అన్నీ ఇవాళ్టితో సరి.

నడిచాడు. ఆమె తలుపు వచ్చింది. ఆమెకి కోపమా, జాలా, విసుగా? ఏదీ తేల్లేదు. మొదటిసారిగా అతనికి ఏమీ అర్థం కాలేదు. అర్థం కాకుండానే లోపలికి వెళ్ళిపోయాడు.

ఆమె మామ్మగారి మోకాలు వంచుతోంది.

"మీతో మాట్లాడాలి," అన్నాడు.

"చెప్పండి." ఆమె చేతులు మోకాలి మీదే ఉన్నాయి. మోకాలు సగం వంగి ఆగింది.

"నేను చాలా ఆలోచించి..." ఆగాడు. "లేదు, ఆలోచించలేదు. మీరంటే నాకిష్టం. ఐదున్నరకి పార్కు గేటు దగ్గర ఉంటాను. వస్తారా?"

"ఆ మోకాలు నాది," అన్నారు మామ్మగారు. "వంచితే పూర్తిగా వంచు, లేకపోతే వదిలెయ్. మధ్యలో పట్టుకుని సిగ్గుపడకు తల్లీ."

ఆమె మోకాలు మెల్లగా కింద పెట్టి, అతని వైపు తిరిగింది.

"నేను మీ ఫైలు ఎందుకిచ్చేశానో తెలుసా?"

"కోపమొచ్చి. నాలుగు పేజీలు రాశాను కూడా."

"నాలుగు పేజీలా!" ఆమె నుదురు కొట్టుకుంది. "నా పేషెంటుగా ఉన్నంతకాలం మీతో బయటికి రాకూడదు కదా. మీరు చూస్తే లోతుగా అర్థం చేసుకుంటానని కూర్చున్నారు. ఇద్దరిలో ఒక్కరైనా ఏదో ఒకటి చేయాలని ఆ పని నేను చేశాను. ఆ రోజునుంచీ మీరొచ్చే టైముకి ఈ తలుపు తీసి పెడుతున్నాను. మీరేమో నేల మీది పలకలు లెక్కపెట్టుకుంటూ పోతున్నారు!"

సలహారావు ఆ తలుపుని ఇప్పుడు తేరిపార చూశాడు. ఈసారి దానికి పేరా రాయాలనిపించలేదు.

"ఐదున్నర కాదు, ఐదుంబావు," అంది ఆమె. "నాకు ఆలస్యంగా వచ్చేవాళ్ళంటే చిరాకు."

*

ఐదింటికే వెళ్ళి నిలబడ్డాడు. ఆమె ఐదూ పదికి వచ్చింది. పార్కులో రెండు చుట్లు తిరిగేసరికి వాన అందుకుంది. పరుగెత్తి బస్టాపులో దూరారు. ఆమె జుట్టు తడిసి నుదుటికి అతుక్కుంది. అతను చూస్తూ ఉండిపోయాడు.

"మీ ఇంట్లో ఎప్పుడు చెబుతారు?" అంది కొంగుతో ముఖం తుడుచుకుంటూ.

"చెబుతాను. మా అక్క మనసు కొంచెం..."

ఆమె కనుబొమ్మలు లేచాయి. అతను వాక్యం అక్కడే వదిలేసి ఫోన్ తీశాడు.

"ఎక్కడ చచ్చావురా, వానలో?" అంది అక్క.

"బస్టాపులో. ఒక్కణ్ణే కాదు."

అవతల అక్క స్టవ్ ఆపేసిన చప్పుడు.

"ఆ పిల్లేనా?"

"ఆఁ."

"ఎవరడిగారు?"

"నేనే అడిగాను."

"నువ్వే? నీ నోటితో?"

"నా నోటితోనే అక్కా."

ఫోను దూరంగా పెట్టిన చప్పుడు, ఆ తర్వాత ఇల్లెగిరిపోయే కేక: "ఏమండీ! వాడు అడిగాడట! ఇంకో ప్లేటు తీయండి! ఆ చొక్కా మార్చుకోండి, బాగాలేదు!" మళ్ళీ ఫోన్లోకి వచ్చేసరికి అక్క గొంతు బొంగురుపోయింది. "తీసుకురా. ఇప్పుడే. దారిలో కూర్చుని ఏమీ ఆలోచించకు."

ఆమె అన్నీ వింటూనే ఉంది. నవ్వుతూ చెయ్యి చాపి, వస్తున్న బస్సును ఆపింది.

బస్సులో కిటికీ పక్క సీటులో ఆమె కూర్చుంది. పక్కన ఖాళీ ఉంది. అతను ఆలోచించలేదు, కూర్చున్నాడు.