గుండు చందనం

పంపులో నీళ్ళు ఆగిపోయాక మునస్వామి పెరట్లో స్టూలు వేసుకుని కూర్చున్నాడు. నెత్తి ముందువైపు తనే గీసుకున్నాడు. వెనకవైపు చెయ్యి తిరగదు. అది శకుంతలమ్మ పని. ఆమె పొయ్యి మీది సాంబారు దించి, చేతులు కొంగుకు తుడుచుకుని వచ్చి కత్తి అందుకుంది.

కొండ మీద తలనీలాలు ఇచ్చినవాళ్ళు గుండుకు చందనం రాసుకుంటారు. ఆ చందనం కలిపి, పొట్లాలు కట్టి, తిరుపతి బస్టాండు చుట్టూ ఉన్న అంగళ్ళకు వేయడం ఆ ఇంటి వ్యాపారం. మునస్వామి తండ్రి కాలం నుంచి దానికొక పద్ధతి ఉంది. కొత్తగా కలిపిన సరుకు ముందు ఇంటి పెద్ద నెత్తిన పడాలి. పొద్దున రాసుకుంటే మధ్యాహ్నం భోజనం దాకా ఉంచాలి. మంటా దురదా లేకపోతేనే పొట్లాలు అంగడికి పోతాయి. అందుకే పెళ్ళి ఫోటోలో తప్ప మునస్వామికి జుట్టు ఉన్న ఫోటో ఆ ఇంట్లో ఇంకొకటి లేదు.

కత్తి ఆగింది. శకుంతలమ్మ లోపలికి పోయి పటిక ముక్క తెచ్చి మెడ పైభాగాన రుద్దింది.

“ఇప్పుడే పటికెందుకు? ఇంకా గీసేది అయిపోలేదు కదా.”

“ఊరకే. తల తిప్పొద్దు.”

మునిచంద్ర హెల్మెట్ పట్టుకుని పెరట్లోకి వచ్చాడు. ఆ ఇంటికి ఒక్కడే కొడుకు. పొట్లాలు మానేసి ట్యూబుల్లో చందనం అమ్ముదామన్నది అతని ఆలోచన. అందులో కర్పూరం, మెంథాల్ వేస్తే గుండు మీద ఐసు పెట్టినట్టు ఉంటుందని, నిల్వకు ఒక మందు కలిపితే ఏడాది చెడదని అతని లెక్క. ఉగాదికి ట్యూబు మాట మొదలైన దగ్గర నుంచి తండ్రీ కొడుకులు నేరుగా మాట్లాడుకోవడం లేదు.

“మే, వాణ్ణి అడుగు. ట్యూబు సరుకు నా నెత్తి మిందికి ఎప్పుడొస్తాదంట?” అన్నాడు మునస్వామి.

“ఆడనే నిలబడుండాడు కదయ్యా. నువ్వే అడుగు.”

“నువ్వడుగు.”

“చూసేసినామని చెప్పుమా,” అన్నాడు మునిచంద్ర.

“ఎవురి నెత్తి మింద చూసినారంట?”

“లోకంలో నాయన నెత్తి ఒకటే ఉండాదా? చెప్పుమా.”

“వాడి నెత్తి మింద మాత్రం అయ్యుండదులే. క్రాఫు చెడిపోతాది. వారంవారం సెలూనుకు పోయే నెత్తి అది.”

మునిచంద్ర బండి తీసి వెళ్ళిపోయాడు. వంటింటి గుమ్మంలో కోడలు రూపశ్రీ టిఫిను డబ్బా మూత నొక్కుతూ నిలబడింది. లీలామహల్ సర్కిల్ దగ్గర మందుల షాపులో ఫార్మసిస్టుగా చేస్తుంది. మామ మాటకు మాట బదులిచ్చే మనిషి. ఈ పొద్దు తల ఎత్తలేదు. మునస్వామికి అదే నచ్చలేదు.

కోడలు పనికి పోగానే అతను చొక్కా తొడుక్కుని చంద్రగిరి బస్సెక్కాడు. సరుకు కలిపే రేకుల షెడ్డు అక్కడుంది. రెండో తాళంచెవి అతని మొలతాడుకే ఉంటుంది.

తలుపు తీయగానే చందనం వాసన కంటే ముందు ఉచ్చ వాసన తగిలింది. బస్తాల వెనక కోడిపిల్లలను పెట్టే ఇనుప బోనులు రెండు. ఒక్కో బోనులో ఒక కుందేలు. రెండింటి మెడకూ అట్ట కత్తిరించి గుండ్రంగా కట్టి ఉంది, వెనక్కి తిరిగి నాక్కోకుండా. రెండింటి వీపు మీదా అరచేయంత చోట బొచ్చు గీసేశారు. ఒకటని రాసిన బోనులో కుందేలుకు ఆ చోట తోలు లేచి, తడిగా ఉంది. రెండని రాసిన దానికి ఏమీ కాలేదు. బోనుల పక్కన అవే అంకెలు వేసిన ట్యూబులు.

మునస్వామి ఒకటో ట్యూబు నొక్కి తన నెత్తి నిండా, మెడ దాకా పూసుకున్నాడు. బస్తా మీద కూర్చున్నాడు. ఎండ గుమ్మం దాటి లోపలికి వచ్చింది. ముందువైపు చల్లగా ఉంది. వెనక ఏమీ లేదు. మంట లేదు, దురద లేదు.

“నన్ను అడిగింటే అరపూటలో చెప్పేటోణ్ణి కదరా,” అన్నాడు ఎవరూ లేని షెడ్డులో.

మెడలకున్న అట్టలు విప్పాడు. కుందేళ్ళను అట్టపెట్టెలో పెట్టుకుని, ఆటో మాట్లాడుకుని ఇంటికి వచ్చాడు.

సాయంత్రం మునిచంద్ర వచ్చేసరికి పెట్టె హాలు మధ్యలో ఉంది. రూపశ్రీ ఇంకా బ్యాగు కూడా దించలేదు. శకుంతలమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది.

“అమా, నాయన షెడ్డుకు పోయినాడా?”

“నేనే పోయినా. నన్నే అడుగు,” అన్నాడు మునస్వామి. “నోరు లేని జీవాలకు మెడకు అట్ట కట్టినావు. మండే చోటు నాక్కోను కూడా లేకుండా చేసినావు. ఎవురు నేర్పిచ్చినారు నీకు ఈ చదువు?”

“బిర్యానీలో వేస్తే లొట్టలేసుకోని తినేవాళ్ళు ఉండారు. వాళ్ళనేమీ అడగవు.”

“తినేవాడికి ఆకలి. నీకేమి? చల్లదనం. ఎవుడో అంగడోడు ఇంగా చల్లగుండల్లన్నాడని దీని తోలు ఊడదీసినావు.”

“పౌడర్లు, క్రీములు జంతువుల మింద చూడగూడదని మన దేశంలో ఎప్పుడో ఆపేసినారు మామా,” అంది రూపశ్రీ. “ఈయనకు ఆ మాట చెప్పినా. ల్యాబుకు ఇస్తే ఒప్పుకున్న మనుషుల చేతికే రాసి చూస్తారు.”

“ల్యాబోళ్ళు చెప్పేలోగా బ్రహ్మోత్సవాలు అయిపోతాయి.”

“అయిపోనీ.”

“తెలిసి దాచిపెట్టి ఇప్పుడు మామ పక్క చేరినావా?”

“దాచినందుకే నాకు అన్నం దిగడంలేదు,” అంది రూపశ్రీ. “రోజూ డబ్బా కట్టుకోని పోతాండా, అట్లే తెస్తాండా. నువ్వెప్పుడన్నా మూత తీసి చూసినావా?”

మునస్వామి పెట్టె పక్కకు వచ్చి నిలబడ్డాడు.

“నేనడిగేది ఒకటే. నా నెత్తి ఉండంగా వీటి వీపు ఎందుకు గీసినావు?”

మునిచంద్ర తల్లి వైపు చూశాడు. శకుంతలమ్మ వద్దని తల ఊపింది. మునస్వామి అది చూశాడు.

“ఏంది వద్దనేది? చెప్పమను.”

“నీ నెత్తి పనికి రాదు నాయనా.”

“ఏమంటివి?”

“పోయిన శివరాత్రి ముందు కలిపిన పొట్లాలు గుర్తుండాయా? గంధం పొడి దొరక్క వేరే తావ తెచ్చింది. నువ్వు పూసుకోని, మధ్యాహ్నం దాకా ఉండి, చల్లగుండాది పంపించమన్నావు. కోలారు నుంచి వచ్చినోళ్ళు బిడ్డకు పుట్టెంట్రుకలు తీయించి అదే రాసినారు. నెత్తంతా బొబ్బలు. అంగడోడు నాకు ఫోన్ చేసినాడు. నేను లాడ్జికి పోయి చూసినా. మాటలు కూడా రాని బిడ్డ. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. వాళ్ళమ్మ నా చొక్కా పట్టుకునింది. నీకు చెప్పలేదు.”

“అబద్ధం.”

“నీకు చెప్తే నువ్వు బతకవని చెప్పలేదు.”

“అబద్ధం,” అన్నాడు మునస్వామి మళ్ళీ. “ఈ కుందేలుకు పూసిందే పొద్దున నేనూ పూసుకున్నా. దానికి తోలు పల్చన, లేసింది. నాకేమయింది? చల్లగుండాది. కావాలంటే చూసుకోండి.”

అతను వెనక్కి తిరిగాడు. రూపశ్రీ ఫోను తీసి ఒక ఫోటో కొట్టి అతని ముందు పెట్టింది.

ఫోటోలో ఒక ముసలివాడి నెత్తి ఉంది. మెడ పైన తోలు ఎర్రగా పొంగి, చిన్న చిన్న నీటి బొబ్బలు లేచి ఉన్నాయి. మధ్యలో ఎండిన నెత్తురు గీత ఒకటి. మునస్వామి ఫోను దూరంగా, దగ్గరగా పెట్టుకుని చూశాడు. చెయ్యి వెనక్కి పోనిచ్చి తడుముకున్నాడు. వేళ్ళకు తడి తగిలింది. నెత్తికి మాత్రం వేళ్ళు తగిలినట్టే తెలియలేదు.

“ఈ గీత ఏంది?”

“పొద్దున కత్తి తెగింది,” అంది శకుంతలమ్మ. “పటిక పెట్టినా. నీకు తెలీలా. ఈ మధ్య ఎప్పుడు తెగినా నీకు తెలీడం లేదు.”

“ముందుపక్క తోలు గట్టిపడింది, ఎనక నరం మొద్దుబారినట్టుంది మామా,” అంది రూపశ్రీ. “డాక్టరుకు చూపిద్దాం.”

మునస్వామి ఫోను తిరిగి ఇచ్చేశాడు. అందరూ కలిసి ఏమీ చెప్పకుండా తనను ఒక పాత స్టూలులాగా పెరట్లో పడేశారని అతనికి అర్థమైంది. ఆ కోపం పోవడానికి ఒక్క దారే కనపడింది.

“సరే. నాది పోయింది. నీదుండాది గదా నెత్తి? నీకు తెలుస్తాది గదా? ఆ క్రాఫు కాపాడుకునేదానికి కుందేలుకు గుండు కొడితివా?”

“నువ్వు బతికుండంగా ఇంట్లో నన్ను గుండు కొట్టుకోమంటావా?”

శకుంతలమ్మ పక్కనున్న చెంబు తీసి నేలకేసి కొట్టింది. తండ్రి పోయినప్పుడు కొడుకు చేయించుకునేది ఇంటి గుండు. ఆ మాట ఆ ఇంట్లో ఎవరూ పలకరు.

“బయటికి పో,” అంది కొడుకుతో. “ఆ నోరు కడుక్కోని రా.”

మునిచంద్ర గుమ్మం దాకా పోయి తిరిగాడు. “పోతా. ఒక్కదానికి జవాబు చెప్పమను. మళ్ళీ ఒక బిడ్డ నెత్తి కాలేదానికంటే కుందేలు వీపు కాలడం మేలు కాదా? రెండో దానికి తగ్గించి పూసినా. దానికేమీ కాలేదు. ఆ సరుకే ట్యూబులోకి పోతాది. నేను చేసింది తప్పయితే ఏంది ఒప్పో ఆయన్నే చెప్పమను.”

మునస్వామి కుందేళ్ళ పెట్టె ఎత్తుకుని లోపలి గదిలోకి పోయాడు.

ఆ రాత్రి నుంచి మునిచంద్ర షెడ్డులోనే పడుకోసాగాడు. పొద్దున పూట వచ్చి, గడప దగ్గర కూర్చుని తిని వెళ్ళేవాడు. పెట్టేవాళ్ళు పెట్టారు, తినేవాడు తిన్నాడు. కుందేళ్ళు మంచం కింద చేరాయి. “ఇది ఇల్లనుకున్నారా, అడవనుకున్నారా,” అని శకుంతలమ్మ రోజూ తిట్టింది. తిడుతూనే కొత్తిమీర కాడలు వేసింది, కొబ్బరినూనె రాసింది. మునస్వామి కూర్చున్నచోట కూర్చుని ఉండేవాడు. చల్లగుండాది అని తను చెప్పిన సరుకు ఎన్ని నెత్తుల మీదికి పోయిందో లెక్క కట్టబోయి, అంతు దొరక్క మానేసేవాడు. డాక్టరు దగ్గరికి రానన్నాడు.

ఒక పొద్దున శకుంతలమ్మ రెండో కుందేలును ఒళ్ళో పెట్టుకుంది. ఒట్టి నూనె చెయ్యి గీసిన చోటికి పోగానే అది కాళ్ళు దగ్గరికి తీసుకుని ముడుచుకుపోయింది. తలమీద చెయ్యి పెడితే ఊరుకుంది. మళ్ళీ వీపు మీద పెడితే మళ్ళీ ముడుచుకుంది.

“దీనికేమీ కాలేదంటిరే,” అంది ఆమె. “గీతన్నా లేదు. ఎందుకిట్ల వణకతాది?”

గడప దగ్గర మునిచంద్ర ముద్ద నోటి దాకా తీసుకుపోయి ఆపాడు. కుందేలునే చూస్తూ ఉండిపోయాడు. తర్వాత కంచంలో చెయ్యి కడుక్కుని లేచి వెళ్ళాడు.

మరుసటి రోజు రాలేదు. ఆ మరుసటి పొద్దున పెరటి తలుపు తోసుకుని వచ్చాడు. నెత్తి మీద వెంట్రుక లేదు. శకుంతలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

“కొండకు పోయినా. దేవుడికే ఇచ్చినా,” అన్నాడు ఆమె అడగకముందే. “ఇంటి దగ్గర కొట్టుకోలేదుమా.”

స్టూలు లాక్కుని కూర్చున్నాడు. జేబులోంచి ట్యూబు తీసి తండ్రికి చాచాడు. “రెండో దానికి పూసింది ఇదే నాయనా. నీ చేత్తో రాయి.”

నాయనా అన్న పిలుపు ఉగాది తర్వాత తిట్లలో తప్ప వినపడడం అదే. మునస్వామి ట్యూబు తీసుకున్నాడు. నుదుటి నుంచి మెడ దాకా పూశాడు. కొడుకు నెత్తి మీద అతని చెయ్యి పడి చాలా ఏళ్ళయింది. చెవి వెనక చిన్నప్పటి మచ్చ ఇంకా ఉంది.

పొయ్యి మీద ఎసరు మరిగేంత సేపు కూడా కాలేదు. మునిచంద్ర కళ్ళు చెమర్చాయి. స్టూలు అంచు పట్టుకున్నాడు.

“ఎట్లుండాది?”

“మొదట చల్లగుండె. ఇప్పుడు మండతా ఉండాది.”

“యాడ?”

“ఎనక. కత్తి పడిన చోటంతా.”

మునస్వామి వంగి చూశాడు. ఎరుపు లేదు. దద్దురు లేదు. రెండో కుందేలు వీపు ఎలా ఉందో అలాగే ఉంది.

“ఏమీ కనపళ్ళేదురా.”

“కనపడదు నాయనా. మండతాది, అంతే. ఆ కుందేలు మాత్రం ఎట్ల చెప్తాది?”

మునస్వామి ట్యూబు నేల మీద పెట్టాడు. తొట్టి నుంచి చెంబుతో నీళ్ళు ముంచి కొడుకు నెత్తి మీద పోశాడు. ఇంకో చెంబు పోశాడు. రెండో చేత్తో మెల్లగా రుద్దాడు.

“ఆ బిడ్డకు ఇట్లే మండింటాది,” అన్నాడు. “నాకు తెలీలేదురా. చల్లగుండాదనే అనుకుంటి.”

“నేను ఆ పొద్దే నీకు చెప్పుండల్ల.”

లోపల ఫోను మోగింది. బస్టాండు అంగడివాడు. రూపశ్రీ ఎత్తింది. “ట్యూబు లేదన్నా,” అనడం పెరట్లోకి వినపడింది. “ఈ బ్రహ్మోత్సవాలకు లేదు. ల్యాబుకు ఇస్తాండాము. వాళ్ళు బాగుందంటేనే.” అవతలివాడు అరుస్తున్నట్టున్నాడు. ఆమె రెండోసారి కూడా అదే మాట అంది.

శకుంతలమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని, కింద ఉన్న ట్యూబు తీసి చెత్తబుట్టలో వేసి వచ్చింది. మొగుడి వెనక నిలబడి, అతని మెడ మీద మానుతున్న చోట చెయ్యి పెట్టింది. అతనికి తెలియలేదు. ఆమె చెయ్యి తీయలేదు.

మునస్వామి నీళ్ళు పోస్తూనే ఉన్నాడు. చల్లబడింటాదిలే అని తనంతట తాను అనుకోలేదు. కొడుకు “చాలు నాయనా” అనేదాకా చెంబు దించలేదు.