తెల్లగా మిగిలిన కొమ్మ

మహిమ బెన్నితో మాట్లాడిన మొదటి మాటే తిట్టు.

నందిగామ కాలేజీలో సైన్స్ ఎగ్జిబిషన్. పగడాల దిబ్బ మోడల్ ఇద్దరికీ కలిపి ఇచ్చారు. మట్టికొమ్మలు ఆమె చేసింది. రంగు అతని వంతు. క్రిస్మస్‌కి చిల్లకల్లులో ఇంటికి వేయగా మిగిలిన సున్నం తెచ్చి అంతా పూసేశాడు.

"బతికున్నవాటిని చంపేశావు కదయ్యా."

"తెల్లగా శుభ్రంగా ఉంటాయని..."

"అది శుభ్రం కాదు, ఆకలి. పగడం ఒంట్లో సన్నటి నాచు కాపురముంటుంది. ఎండతో వంట చేసి పగడానికి పెడుతుంది. ఆ రంగులూ దానివల్లే. సముద్రం వేడెక్కితే ఆ నాచే విషం పుట్టిస్తుంది. పగడం తట్టుకోలేక గెంటేస్తుంది."

"వండిపెట్టేవాళ్ళని గెంటేసి ఏం తింటుంది?"

"పస్తులుంటుంది."

"మరి నాచు?"

"దానికీ గూడు పోతుంది. బయట చాలావరకు బతకదు. నీళ్ళు త్వరగా చల్లబడితే, లోపల మిగిలిన కాస్త నాచూ మళ్ళీ పెరుగుతుంది. ఆలస్యమైతే పగడమూ పోతుంది."

కిటికీ బయట వాన పడుతుంటే ఇద్దరూ కూర్చుని రంగులేశారు. చూసేవాళ్ళకి తేడా తెలియాలని ఒక్క కొమ్మ తెల్లగా వదిలేశారు.

డిగ్రీ అయిన వేసవిలో, ఒక ఆదివారం, ఇద్దరూ వెళ్ళే చర్చిలో, ప్రార్థన కోసం జనం రాసిచ్చిన చీటీలు పాస్టరుగారు చదువుతున్నారు. "మహిమ నన్ను ఒప్పుకోవాలి. ఇట్లు, బెన్ని." అలవాటు కొద్దీ చర్చి మొత్తం ఆమెన్ అంది.

"నన్నడక్కుండా ఊరందరినీ అడిగావా?" గేటు దగ్గర నిలదీసింది మహిమ.

"నిన్నడగాలంటే భయమేసింది."

"వెళ్ళు. మళ్ళీ కనపడకు."

అతను నిజంగానే కనపడలేదు. ఆమె జగ్గయ్యపేటలో టీచరైంది. పగడాల పాఠం వచ్చినప్పుడల్లా ఆమె గొంతు కాస్త తగ్గేది.

రెండేళ్ళయ్యాక పెళ్ళిచూపులు కుదిరాయి. అబ్బాయివాళ్ళు ఆదివారం వస్తామన్నారు. శుక్రవారం బడి వదిలాక వాన మొదలైంది. వరండాలో బెన్ని నిలబడి ఉన్నాడు. తను తడిసినా, చేతిలో అట్టపెట్టె తడవనివ్వలేదు. పెట్టెలో ఆ మోడల్. రంగులు వెలిసిపోయాయి. తెల్లకొమ్మ అలాగే ఉంది.

"ఆదివారం సంగతి చర్చిలో విని మా అక్క చెప్పింది," అన్నాడు. "ఈసారి పాస్టరుగారికి కూడా చెప్పలేదు. ముందు నిన్నే అడుగుతున్నా. లోపల కాస్తయినా మిగిలిందా, మహీ?"

మహిమ క్లాసులోకెళ్ళి పిల్లల రంగులడబ్బా తెచ్చింది. కుంచె అతని చేతికిచ్చింది.

"సున్నం తేలేదు కదా?"

"లేదండి, టీచరుగారూ."

"అయితే వెయ్యి. వాళ్ళని రావద్దని నాన్నకి నేను చెబుతా. చీటీ మాత్రం ఈసారి ఇద్దరం రాద్దాం."