అద్దాలు మార్చిన చేతులు

"పిల్లకు మళ్లీ కొత్త అద్దాలా! అసలు మీకు కళ్లున్నాయా?"

దుకాణం వెనకగదిలో అద్దాల అంచులు అరగదీసే యంత్రం హోరు మీదుగా ఆమె అరిచింది. భర్త యంత్రం ఆపాడు. ఆ వీధిలో సగం ముక్కుల మీద ఉన్నవి అతను చేసిన కళ్లజోళ్లే. కూతురు చూపు మసకబారిందన్నప్పుడల్లా తనే పరీక్షించి అద్దాలు మార్చేశాడు తప్ప, డాక్టరు దగ్గరికి పంపలేదు. ఇంట్లో సరుకుండగా బయట బేరమెందుకన్న లెక్క! ఆ లెక్కే కొంప ముంచింది... చివరికి ఈ ఉదయం అతనికి చెప్పకుండా ఆమే పిల్లను ఆసుపత్రికి తీసుకెళ్లింది.

"కెరటోకోనస్‌ అట! నల్లగుడ్డు మీది పొర పలచబడి, మొనదేలి ముందుకు పొడుచుకొస్తోందట. కుడికన్ను చాలావరకు పాడైంది. ఎడమదైనా నిలవాలంటే వెంటనే పైపొర గీకి, కింది పొరను గట్టిపరిచే క్రాస్‌లింకింగ్ చేయించమన్నారు."

"చేయిస్తే చూపు తిరిగొస్తుందా?"

"రాదు. ఉన్నది ఉన్నట్టు ఆగుతుందట."

"రాని చూపు కోసం పిల్ల కన్ను గీకించాలా? ఇదేం బేరమే!"

గుమ్మంలోంచి అత్తగారు అందుకుంది. "కళ్లజోళ్లవాడి కూతురే కళ్లాసుపత్రి మెట్లెక్కిందంటే మన గడప ఎవరు తొక్కుతారే?"

"మీరూరుకోండి అత్తయ్యా!" ఆమె భర్త వైపు తిరిగింది. "ఏమండీ, మీ భాషలోనే అడుగుతాను. గోదాములోకి నీళ్లొస్తున్నాయి. తడిసిన సరుకు ఎలాగూ పోయిందని, మిగతాది కూడా తడిసేదాకా చేతులు కట్టుకు కూర్చుంటారా? పరాయి పిల్లయితే 'డాక్టరుకు చూపించండమ్మా' అనేవారు కాదూ! మన పిల్ల కాబట్టే అనలేదు... మీ పనితనం మీదున్న ప్రేమ దాని కళ్ల మీద లేకపోయింది!"

కూతురు తలుపు పట్టుకుని నిలబడింది. "నాన్నా... పోయినసారి అద్దాలు పెట్టుకున్నా నాకు సరిగ్గా కనబడలేదు. మీరు చిన్నబుచ్చుకుంటారని బాగున్నాయన్నాను..."

అతను అరగదీస్తున్న అద్దాన్ని పక్కన పెట్టేశాడు. ఆమె మాత్రం అతని సమాధానం కోసం ఆగలేదు.

ఆసుపత్రిలో ఎడమకంటి పైపొర తీసి, పసుపుపచ్చని మందు చుక్కలు వేసి, నీలికాంతి కింద పడుకోబెట్టారు. మత్తు దిగాక పిల్ల మంట తాళలేక తల్లి చెయ్యి నలిపేసింది. అతను గుమ్మం దగ్గర నిలబడి, "తల్లీ... తప్పయిపోయిందే!" అన్నాడు.

"ఇప్పుడు దాన్ని ఏడిపించకండి," అందామె, తల తిప్పకుండానే.

నెలలు గడిచాయి. ఎడమకంటి చూపు నిలిచింది. కుడికన్ను చూపు మాత్రం తిరిగి రాలేదు. ఆమె అతనితో అవసరమైన మాట కూడా కూతురి చేత చెప్పించేది.

ఒకరోజు దుకాణం నిండా జనం. ఒకావిడ తన పాపను ముందుకు తోసి, "మళ్లీ చూపు మారిందట. కొత్త అద్దాలు వేసివ్వండి," అంది.

"వెయ్యనమ్మా. ముందు కంటి డాక్టరుకు చూపించండి."

"అదేమిటి! మీ చేతి మీద నమ్మకంతో వచ్చామే!"

"నా కూతురూ అలాగే నమ్మిందమ్మా..." అందరూ వింటుండగానే అన్నాడు. "దాని కుడికన్ను చూపు నా వల్లే పోయింది."

ఇద్దరు ముగ్గురు లేచి వెళ్లిపోయారు. పాపను తీసుకుని ఆ తల్లీ ఆసుపత్రి వైపు నడిచింది.

వెనకగదిలో భార్య అంతా విన్నది. కోపం తీరలేదు. ఆ కుడికన్ను చూసినప్పుడల్లా రగులుతూనే ఉంటుంది. అయినా ఆ మధ్యాహ్నం కూతురిని పంపలేదు. తనే గుమ్మం దాకా వచ్చి పిలిచింది.

"భోజనానికి రండి."