ట్రోండుర్ రక్తంలోని అంకె

"చెయ్యి వదులుగా పెట్టండి. యుద్ధానికి వెళ్తున్నట్టు బిగించకండి," అంది రాన్వా.

"మీరు సూది పట్టుకున్న తీరు చూస్తే యుద్ధమేననిపిస్తోంది మరి," అన్నాడు ట్రోండుర్.

అలా మొదలైంది పరిచయం, కరోనా వచ్చిన ఏడాది ఏప్రిల్‌లో. ఉత్తర అట్లాంటిక్‌లోని ఫారో దీవుల్లో, క్లాక్స్‌విక్ ఊళ్ళో, కరోనా తగ్గినవాళ్ళ రక్తంలో ఆ వైరస్‌తో పోరాడే యాంటీబాడీలు ఎంతకాలం నిలుస్తాయో చూసే పరిశోధనలో రాన్వా నర్సు. ట్రోండుర్ చేపల పడవ మీద పనిచేస్తాడు. మార్చిలో పదిరోజులు జ్వరంతో మంచం పట్టి లేచాడు. అతని మొదటి ఫలితం చూసి ఆమె ఆశ్చర్యపోయింది. యాంటీబాడీల అంకె అంత పెద్దది ఆమె చూసినవాళ్ళలో ఎవరికీ రాలేదు.

ఆ అంకెను నమ్మే రాన్వా అతనికి తన ఇంటి తలుపు తీసింది. ఇంట్లో అక్క డురిటా ఉంది. రెండేళ్ళ క్రితం ఆమెకు కిడ్నీ మార్చారు. అది నిలబడ్డానికి వేసుకునే మందుల వల్ల చిన్న రోగమొచ్చినా ఆమె ఒళ్ళు తట్టుకోలేదు. ఇంకెవరూ గడప తొక్కని ఆ ఇంటికి ట్రోండుర్ శనివారం శనివారం ఎండు గొర్రెమాంసం, రొట్టె తెచ్చేవాడు. డురిటాతో వాదులాడేవాడు. వెళ్ళేముందు రాన్వా వైపు ఒక చూపు చూసేవాడు. ఆ చూపు మళ్ళీ శనివారం దాకా ఆమెను వదిలేది కాదు.

అక్టోబరులో మూడోసారి రక్తం తీశారు. సోమవారం ఫలితం వచ్చింది. రాన్వా కాగితాన్ని రెండుసార్లు చదివింది. అంకె దాదాపు అడుగంటింది.

అప్పుడే ఫోన్ మోగింది.

"మా పడవలో ఒకడికి కరోనా అట," ట్రోండుర్ గొంతులో నవ్వు. "నాకేం! నా ఒంట్లో సైన్యం ఉందిగా."

"లేదు."

"ఏంటి లేదు?"

"యాంటీబాడీలు బాగా పడిపోయాయి ట్రోండుర్. ఆ మనిషితో ఎన్నాళ్ళు ఉన్నావు?"



"పోయిన వారమంతా పడవలో ఒకే గదిలో పడుకున్నాం," అన్నాడు నవ్వు ఆపి. "మొన్న శనివారం డురిటా పక్కనే కూర్చున్నాను కదా, రాన్వా..."

ఆమె కాగితం పక్కన పెట్టి, శనివారం నుంచి రోజులు లెక్కపెట్టింది.

బుధవారం డురిటా దగ్గింది. ఆమెవీ, ట్రోండుర్‌వీ నమూనాలు పరీక్షకు పంపారు. రాన్వా గుమ్మంలో నిలబడి అక్క ఊపిరినే వింటూ ఉండిపోయింది.

"అలా చూడకే తల్లీ, రోగం లేకపోయినా వచ్చేట్టుంది," అంది డురిటా.

రాన్వా పక్కగదిలోకి వెళ్ళి ఫోన్ తీసింది. ట్రోండుర్ మొదటి రింగుకే ఎత్తాడు.

"తిట్టు నన్ను," అన్నాడు.

"నువ్వేం చేశావని? అంకె ఎప్పుడైనా పడిపోవచ్చని తెలిసీ తలుపు తీసింది నేను. నువ్వు రావాలని..." ఆగిపోయింది.

"రావాలని?"

"తెలిసీ అడుగుతావేం?"

"నేనూ రొట్టె ఇవ్వడానికి రాలేదు రాన్వా. నీకోసం వచ్చాను. ఈ మాట ఇలాంటి రోజున చెప్తాననుకోలేదు. నాకు చాలా భయంగా ఉంది."

ఆమె ఏడ్చింది. అతను ఫోన్ పెట్టెయ్యలేదు.

గురువారం ఫలితాలు వచ్చాయి. డురిటాది మామూలు జలుబు. ట్రోండుర్‌కీ ఏమీ లేదు. వారం తర్వాత రెండో పరీక్షలోనూ అంతే. యాంటీబాడీలు తగ్గినా ఒళ్ళు ఆ వైరస్‌ను గుర్తుంచుకుని ఉండొచ్చని డాక్టరు చెప్పింది. హామీ మాత్రం ఇవ్వలేనంది.

రాన్వా అతన్ని ఇక రావద్దంది.

మర్నాడు వానలో తలుపు చప్పుడైంది. మాస్కుతో ట్రోండుర్. రాన్వా తలుపు పిడి పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"నేనే రమ్మన్నాను," వెనకనుంచి డురిటా అంది. "పొద్దున పరీక్ష చేయించుకునే వచ్చాడు. కిటికీలు తెరిచాను. నేను అటు చివర కూర్చుంటాను. నా ప్రాణం సంగతి నాకు తెలుసు రాన్వా. నా పేరు చెప్పి నువ్వు బతకడం మానెయ్యకు."

"వెళ్ళిపొమ్మంటే వెళ్ళిపోతాను," అన్నాడు ట్రోండుర్.

"భయం తగ్గిందా నీకు?"

"లేదు."

"నాకూ తగ్గలేదు," అని రాన్వా పిడి వదిలి, అతని తడిచెయ్యి పట్టుకుంది.