ఏడో రకం

ఇలా దగ్గరికి జరగండి. ఆ కుర్చీ పొయ్యి పక్కకి లాక్కుంటే కాళ్ళు వెచ్చబడతాయి. నెస్ వారింట్లో వెండి పతకం మాయమైన సంగతి చెబుతాను. ఆ రోజు బల్ల దగ్గర కాఫీ పోసింది నేనే, కాబట్టి ఇందులో సగం చూసిందీ, సగం డిటెక్టివ్ గారి సహాయకుడు ఉద్‌వార్ నోట విన్నదీ.

ముప్పై ఏళ్ళ కిందటి జూన్ నెల. ఆ వారమంతా కొండల నడుమకి సముద్రం చొచ్చుకొచ్చిన ఫియోర్డు నీళ్ళ మీద మంచు మీగడలా పరుచుకుని ఉంది. కొండ ఎక్కడ ఆగిందో, దాని నీడ ఎక్కడ మొదలైందో తెలిసేది కాదు. పడవలు ఆకాశంలో పోతున్నట్టే ఉండేవి.

శనివారం పొద్దున అలాంటి మంచులోంచే ఒక పెద్దావిడ అవతలి ఒడ్డున దిగి, రొట్టెల దుకాణం మేడ మీదున్న ఆఫీసు తలుపు తట్టింది. అది ప్రైవేటు డిటెక్టివ్ రాగ్నా ఎయ్‌డె ఆఫీసు. రాగ్నాకి యాభై దాటాయి. పొట్టి జుట్టు, బూడిదరంగు స్వెట్టరు, తక్కువ మాట. అమెరికా వెళ్ళిపోయినవాళ్ళ మనవలకి ఇక్కడి చుట్టాలని వెతికిపెట్టడమే ఆవిడకి ఎక్కువగా దొరికే పని. సహాయకుడు ఉద్‌వార్ ముప్పై ఏళ్ళు బస్సు నడిపి మానేసినవాడు. రాగ్నా తుమ్మినా అందులో ఏదో సూచన ఉంటుందని నమ్మేవాడు.

వచ్చినావిడ కూర్చోకుండానే మొదలుపెట్టింది.

"నా పేరు ఆర్లీన్ నెస్. మినెసోటా నించి వచ్చాం, నేనూ, మా మనవరాలు కారీ, దాని మూడు నెలల పాప. మా తాతమ్మ మార్గిత్ నెస్ పుట్టిల్లు చూద్దామని. రేపు ఇక్కడి చర్చిలో పాపకి ఆవిడ పేరే పెట్టి బాప్తిస్మం ఇప్పించాలని. మా ఇంట్లో ప్రతి బిడ్డకీ ఆ వేళ మార్గిత్ తెచ్చిన వెండి పతకం గుచ్చుతాం. నిన్న సాయంత్రం అది పోయింది."

"పోలీసులకి చెప్పారా?"

"సోమవారం వస్తామన్నారు. బాప్తిస్మం రేపు కదమ్మా! దాని మాట సరే, ఆ ఇంట్లో అందరూ నా వంక అదోలా చూస్తున్నారు. నేను వాళ్ళ మనిషినో కాదో నాకే తెలియకుండా పోయింది. అరవై అయిదేళ్ళు ఈ ఊరి పేరు తలుచుకుంటూ బతికాను. రేపు చర్చిలో పరాయిదానిలా నిలబడమంటారా?"

రాగ్నా ఆవిడకి కాఫీ ఇచ్చి, "నిన్న జరిగింది మొదట్నించీ చెప్పండి. ఏమీ వదలకండి," అంది.

ఆర్లీన్ చెప్పింది. ఇంటి పెద్ద సిన్నివాకి ఎనభై ఆరేళ్ళు, ఊతకర్రతో నడుస్తుంది. పొలం చూసుకునేది ఆవిడ మేనల్లుడు నిల్స్. కాఫీ వేళకి ఇంటి ముందు గదిలో, గోడ మీద కిరీటం పెట్టుకున్న పెళ్ళికూతురి బొమ్మ కింద ఆర్లీన్‌ని కూర్చోబెట్టారు. ఆవిడ పతకం తీసి బల్ల మీద పెట్టింది. పన్నెండు వేలాడే వెండి తళుకులు, పదకొండు గుండ్రటివి, ఒకటి మాత్రం ఆకులా ఉంటుంది. అంతలో బయట ఎవరో కేక వేశారు, ఇంద్రధనుస్సు రెండు కాళ్ళూ ఫియోర్డులోనే దింపిందని. అందరూ పరుగెత్తారు. అంత రంగుని అంత దగ్గరగా చూస్తుంటే కాలం తెలియలేదట. తిరిగొచ్చేసరికి పతకం లేదు.

"లోపల ఎవరున్నారు?"

"సిన్నివా గారు కాలు నొప్పని ఉండిపోయారు. నిల్స్ అందరికంటే ఆఖర్న బయటికొచ్చాడు."

"బల్ల మీద ఏమేం తినడానికి పెట్టారు?"

ఆర్లీన్ తెల్లబోయింది. "ఇప్పుడు అదెందుకమ్మా?"

"చెప్పండి. ఉద్‌వార్, రాసుకో."

ఆర్లీన్ వేళ్ళు మడిచి అప్పచ్చులు లెక్కపెట్టింది. ఏడు రకాలు. అందులో గొట్టంలా చుట్టిన పల్చటి బిస్కట్లు పెద్ద చెక్కగిన్నె నిండా ఉన్నాయి. "నోట్లో వేసుకుంటే కరిగిపోయాయి. లోపలికొచ్చాక ఇంకోటి తీసుకుందామని చూస్తే ఆ గిన్నె లేదు. అయిపోయాయి కాబోలనుకున్నాను."

"అంటే ఆరే ఉన్నాయి."

"ఆరే."

రాగ్నా కప్పు కింద పెట్టేసింది. ఆవిడ చూపు ఆర్లీన్ ఒళ్ళోకి పోయింది. అక్కడ ఎరుపూ తెలుపూ నేసిన జానెడు వెడల్పు పట్టీ నలుగుతోంది.

"అదేమిటి?"

"పతకాన్ని ఎప్పుడూ ఇందులోనే చుట్టి ఉంచేవాళ్ళం. ఇప్పుడు ఇదొక్కటే మిగిలింది."

రాగ్నా దాన్ని కిటికీ దగ్గర పట్టుకుని చూసింది. మధ్యలో గుండ్రంగా నల్లటి మరక, పైన వరసగా సన్నటి సూది బెజ్జాలు, ఒకటి కాదు, నలభై యాభై. "ఇది పొత్తిళ్ళ పట్టీ," అని మాత్రం అంది.

మధ్యాహ్నం పడవలో ముగ్గురూ ఇవతలికి వచ్చారు. మంచు విడుతూ, మళ్ళీ మూసుకుంటూ ఉంది. ఉద్‌వార్ గుసగుసగా అడిగాడు: "బిస్కట్లలో ఏముందండీ?"

"నువ్వు ఈ లోయలో పుట్టినవాడివేగా. పెద్ద చుట్టాలొస్తే మీ అమ్మ ఎన్ని రకాలు పెట్టేది?"

"ఏడు. ఆరు పెడితే ఊళ్ళో తలెత్తుకోలేదు."

"చుట్టాలు లేవకముందే ఒకటి తీసేసేదా?"

"చచ్చినా తియ్యదు!" అని ఉద్‌వార్ ఆగిపోయాడు.

నిల్స్ పెరట్లో కొడవలి నూరుతున్నాడు. తల ఎత్తలేదు.

"మీరెందుకు ఆఖర్న బయటికెళ్ళారు?" అడిగింది రాగ్నా.

"బూట్లు వేసుకోవద్దూ? అమెరికావాళ్ళలాగా చెప్పులతో తడిగడ్డిలో గెంతనా?"

"పతకం చూశారా?"

"ఆడవాళ్ళ నగలతో నాకేం పని? ఆవిణ్ణి చూశాను, చాలు. నెస్ అట నెస్! ఈ పొలంలో కాపురమున్న ప్రతివాడి పేరూ నెస్సే. యజమానీ నెస్సే, పాకలో ఉన్న కూలీ కూడా నెస్సే. వేరే పొలానికి మారితే ఆ పేరు. వీళ్ళు సముద్రం దాటి దాన్ని ఇంటిపేరు చేసేసుకుని, ఇప్పుడొచ్చి అత్తా, బావా అంటున్నారు."

"మార్గిత్ అని ఇక్కడెవరైనా ఉండేవారా?"

నిల్స్ కొడవలి పక్కన పెట్టాడు. "ఉండేది. పనిమనిషి. మా ఇంటి పెళ్ళి వెండి ఎత్తుకుని ఓడెక్కింది. నూట పదేళ్ళుగా మా ఇంట్లో చెప్పుకునే కథ." ఆ మాట అన్నాక గానీ తనేమన్నాడో అతనికి తట్టలేదు. "అంటే ఈవిడ..."

"రేపటిదాకా నోరు కట్టేసుకోండి," అంది రాగ్నా.

ముందు గదిలో సిన్నివా నిటారుగా కూర్చుంది. ఆర్లీన్ కుర్చీ వెనక దుంగల గోడ మీద నలుచదరంగా లేతరంగు మచ్చ ఉంది, దాని పైన మేకు ఉంది.

"ఇక్కడేం ఉండేదండీ?"

"దుమ్ము," అంది సిన్నివా.

"గొట్టంలా చుట్టిన ఆ అప్పచ్చులు మిగిలాయా?"

"ఎలుకలు తిన్నాయి. నీకు కాఫీ పోయనా అమ్మాయ్, లేక గోడలే చూస్తావా?"

ముసలావిడ గొంతులో కోపం లేదు, భయముంది. రాగ్నా కాఫీ తాగి, దండం పెట్టినంత వినయంగా లేచి, తిన్నగా పాస్టరు గారింటికి వెళ్ళింది. పాత బాప్తిస్మాల పుస్తకం ముందేసుకుని చాలాసేపు కూర్చుంది.

ఆదివారం పొద్దున. గంటలు మోగడానికి ఇంకా గంట ఉంది. ముందు గదిలో సిన్నివా, నిల్స్, ఒళ్ళో పాపతో కారీ కూర్చున్నారు, ఆర్లీన్ గోడకి ఆనుకుని నిలబడింది. నేను కాఫీ కుండతో గుమ్మంలో నిలబడ్డాను. కిటికీ బయట మంచులోంచి ఎండ వస్తుంటే, ఇల్లే మెల్లగా ఎక్కడికో తేలిపోతున్నట్టుంది.

రాగ్నా మొదలుపెట్టింది. "శుక్రవారం ఈ బల్ల మీద ఏడు రకాలున్నాయి. తర్వాత ఆరున్నాయి. ఈ లోయలో ఏ ఇల్లాలూ తనంతట తాను ఆ తలవంపు తెచ్చుకోదు, అంతకంటే పెద్ద తలవంపు ఎవరికో తప్పించాలనుకుంటే తప్ప. ఆ గిన్నెలో ఏదో దాచి కొట్టుగదికి తీసుకెళ్ళారు. కర్రతో నడిచే మనిషికి రెండో చేత్తో మోయగలిగింది అదే. అదే రోజు గోడ మీది పెళ్ళికూతురి బొమ్మ కూడా మాయమైంది. ఆ బొమ్మలో ఆమె మెడ కింద ఒక పతకం ఉండి ఉంటుంది. పదకొండు గుండ్రటి తళుకులూ, ఒక ఆకూ. అవునా సిన్నివా గారూ?"

సిన్నివా గోడ మీది లేతరంగు మచ్చ వంక చూసింది. "అది మా తాత తల్లి బ్రీతా బొమ్మ," అంది. "పతకం చూడగానే పోల్చుకున్నాను. అది పాపకి గుచ్చితే ఇవాళ చర్చిలో నలభైమంది ముసలాళ్ళు పోల్చుకుంటారు. పసిబిడ్డకి దొంగ పేరు పెడుతున్నారని వేళ్ళు చూపిస్తారు. ఇంత దూరం వచ్చిన మనిషికి ఆ మాట నేనెలా చెప్పను? సోమవారం మీ పెట్టెలో పెట్టేసేదాన్ని ఆర్లీన్."

ఆర్లీన్ ముఖం సున్నంలా తెల్లబడింది. "మా మార్గిత్ దొంగా?"

"నేనంటూనే ఉన్నాను," అన్నాడు నిల్స్.

"నువ్వు ఊరుకోరా! అన్నీ నీకే తెలుసు," అంది సిన్నివా.

రాగ్నా పొత్తిళ్ళ పట్టీని బల్ల మీద పరిచింది. "ఈ మరకా, ఈ సూది బెజ్జాలూ చూడండి. పతకం ఈ పట్టీ మీద వారాల తరబడి రోజూ గుచ్చి, తీసి, మళ్ళీ గుచ్చారు. ఎందుకో మీకు నేను చెప్పాలా?"

చెప్పింది సిన్నివాయే, కలలోలా. "బాప్తిస్మం కాని బిడ్డకి వెండి గుచ్చుతారు. గుట్ట కింద ఉండే మాయజనం తమ బిడ్డతో మార్చి ఎత్తుకుపోకుండా. ఏ ఇంటి బిడ్డకి ఆ ఇంటి వెండి."

"దొంగిలించిన వెండి అయితే గడ్డిలో దాస్తుంది. పదిమంది తిరిగే ఇంట్లో, యజమానురాలి కళ్ళ ముందు బిడ్డ గుండె మీద గుచ్చదు. ఇది నూట పదేళ్ళ కిందటి బాప్తిస్మాల పుస్తకంలో సెప్టెంబరు పేజీ నకలు. మగబిడ్డ. తల్లి, పనిమనిషి మార్గిత్. తండ్రి, ఈ ఇంటి కొడుకు సీవెర్ట్."

"మా తాత!" అంది సిన్నివా.

"బిడ్డని ఎత్తుకుని నిలబడ్డ జ్ఞానతల్లి, బ్రీతా. ఆ పతకం గల మనిషే. ఆ బిడ్డే ఆర్లీన్ గారి తాత. ఇక పుస్తకంలో లేనిది నా ఊహ. కొడుక్కి వేరే సంబంధం చూశారు. పిల్లనీ బిడ్డనీ ఓడెక్కించారు. బ్రీతా ఆపలేకపోయింది, పతకం మాత్రం వెనక్కి తీసుకోలేదు. పతకం ఏదని మొగుడు అడిగితే, ఆ నేరం ఎలాగూ సముద్రం దాటిపోయిన పిల్ల మీదకి నెట్టేసింది. మనవడికి వెండి ఇచ్చింది, వాడి తల్లి పేరు మాత్రం పోగొట్టింది."

ఉద్‌వార్ పుస్తకంలో రాయడం మరిచిపోయి రాగ్నా వంకే చూస్తున్నాడు. నిల్స్ గొంతు సవరించుకున్నాడు. "అయితే ఈవిడ నాకు... అక్క వరసా?"

"అక్కకి కుర్చీ వెయ్యి ముందు," అంది సిన్నివా. "అలా గోడకి ఆనుకుని నిలబెట్టావు."

ఆవిడ కర్ర పట్టుకుని కొట్టుగదికి తనే వెళ్ళింది. చెక్కగిన్నె తెచ్చి బల్ల మీద, ఆరు పళ్ళేల పక్కన పెట్టింది. అప్పచ్చులు తీస్తే అడుగున పతకం, తళుకుల్లో బిస్కట్ పొడి. దాన్ని ఊది, తన తెల్లటి చేతిగుడ్డతో తుడిచి, పాప గుండె చుట్టూ ఆ పాత పట్టీ కట్టి, ఆ పాత బెజ్జాల్లోనే గుచ్చింది.

చర్చిలో అనుకున్నట్టే నలభై తలలు ఇటు తిరిగాయి. ముందు వరసలో ఎవరో "అది బ్రీతా వెండి కాదూ?" అని గొణిగారు. పాస్టరు గారు బిడ్డ పేరేమిటని అడిగారు. కారీ నోరు విప్పేలోగా సిన్నివా కర్ర నేలకి తాటించి, ఆ చర్చి కప్పు అదిరేటట్టు అంది:

"మార్గిత్! మా ఇంటి పిల్ల. వెండి దానిదే, ఎవరూ ఎత్తుకుపోలేదు."

నూట పదేళ్ళు ఒక అబద్ధం ఈ లోయలో ఇంటింటికీ, పొయ్యి పొయ్యి దగ్గరికీ నడిచింది. నిజం నడవడం మొదలుపెట్టి ముప్పై ఏళ్ళే అయింది, చాలా వెనకబడి ఉంది. నా కాళ్ళు ఇంక నడవవు. మీరు గుర్తుపెట్టుకోండి. ఎవరింటికి వెళ్ళినా, ఏడు రకాలూ బల్ల మీదికి వచ్చాక, ఒకసారి మార్గిత్ సంగతి చెప్పండి.