బొమ్మల గదిలో ఏడుపు

ఆ బట్టల దుకాణం మూడో అంతస్తులో బొమ్మల గదికి చెడ్డపేరు. బట్టలు తొడిగి అద్దాల వెనక నిలబెట్టే బొమ్మలే... చేతులు విరిగినవీ, ముక్కు చెక్కుకుపోయినవీ అన్నీ అక్కడ పడేసేవారు. పొద్దుగూకితే అక్కడ ఎవరో ఆడమనిషి ఏడుస్తుందని చెప్పుకునేవారు. ఎంత మొనగాడైనా ఒంటరిగా పైకి వెళ్ళేవాడు కాదు.

ఈ సంగతి నాకు చెప్పింది మా పిన్ని. అక్కడే కాజాలు కుట్టేది.

పిన్ని పక్కన కుట్టే ఆమెని అందరూ మిషనక్క అనేవారు. చిన్నప్పుడు మరిగే నీళ్ళు పడి ఎడమ చెంపా, మెడా కాలిపోయాయి. ఆమె పనితనం కళ్ళకద్దుకోవాల్సిందే — కానీ ఆమె మాత్రం గోడకి ముఖం పెట్టి కూర్చునేది. కొనేవాళ్ళు వస్తే లేచి లోపలికి పోయేది. ఎంత దాక్కున్నా... ముఖాన్ని విడిచి ఎక్కడికి పోతుంది?

ఒకరోజు దుకాణం కట్టేసే వేళ, పైనుంచి ఒక బొమ్మ కావాల్సొచ్చింది. తలో సాకు చెప్పి అందరూ జారుకున్నారు.

"చీకట్లో అయితే నాకే హాయి," అంటూ మిషనక్క మెట్లెక్కింది.

గదిలోకి అడుగు పెట్టగానే కాలికేదో తగిలింది. తలుపుకి అడ్డం పెట్టిన ఇటుక! అది పక్కకి జారింది. వెనకాల తలుపు ధనామని మూసుకుంది. దానికి లోపలివైపు పిడి లేదు. బయటినుంచే తీయాలి.

అరిచింది. బాదింది. ఆమె పైనుందని మరిచిపోయారో ఏమో, కింద షట్టరు దించిన చప్పుడు... ఆ వెంటనే మెయిను ఆపేశారు. తలుపు సందులో గీతంత వెలుగు — అదీ పోయింది.

అప్పుడు వినిపించింది.

ఏడుపు. సన్నగా... నోరు నొక్కుకుని ఏడుస్తున్నట్టు.

కిటికీ లేదు. గాలి లేదు. ఎటు కదిలినా బొమ్మల చల్లటి వేళ్ళు తగులుతున్నాయి...

"దగ్గరికి రాకు..." గుసగుస. "నన్ను చూడకు."

ఆ మాటతో ఆమె భయం ఒక్క క్షణం ఆగిపోయిందట. అది తన మాటే మరి! ఊహ తెలిసినప్పటినుంచీ ఎదురైన ప్రతి మనిషితో మనసులో అంటున్న మాటే.

"చూడనులే," అంది వణుకుతూనే. "నువ్వూ నన్ను చూడకు. నా చెంప సగం కాలిపోయింది."

ఏడుపు ఆగింది.

"...అక్కా? నువ్వా?"

ఆ గొంతు కింద కౌంటరులో నిలబడే పిల్లది! ఆ పిల్లని చూడ్డానికే సగంమంది లోపలికొస్తారని పేరు. ఆమె పక్కన నిలబడాల్సి వస్తుందని మిషనక్క అటువైపే పోయేది కాదు.

"నువ్వేంటే ఇక్కడ?"

"జ్వరమొచ్చి జుట్టంతా ఊడిపోయిందక్కా. నాది విగ్గు. ఒకటే మంట, దురద... రోజూ ఇక్కడికొచ్చి తీసి, కాసేపు ఏడ్చి వెళ్తాను. ఇప్పుడది చేజారి ఎటో పడిపోయింది. ఎవరైనా తలుపు తీస్తే..."

మిషనక్క తడుముకుంటూ వెళ్ళి పక్కన చతికిలబడింది. పిల్ల ఆమె చెయ్యి పట్టుకుని తన నున్నటి తలమీద పెట్టుకుంది. కాసేపటికి ఈమె ఆ పిల్ల వేళ్ళని తన చెంపకి ఆనించుకుంది. ఇక మాటలే మాటలు — ఏ అద్దం దగ్గర ఎలా తప్పుకుంటారో, ఎవరేమంటే ఎన్నాళ్ళు నిద్రపట్టదో...

మెట్లమీద అడుగులు. వాచ్‌మన్ బాబాయ్ గస్తీ. టార్చి వెలుగు తలుపు కిందనుంచి లోపలికి పాకింది.

"అక్కా... వెలుగు..." పిల్ల ముడుచుకుపోయింది.

మిషనక్క లేచింది. తలుపు తెరుచుకునేసరికి పిల్లకి అడ్డంగా, టార్చికి ఎదురుగా ముఖం పెట్టి నిలబడింది. జన్మలో చేయని పని.

బాబాయ్ కెవ్వుమన్నాడు. టార్చి వదిలేసి, పడుతూ లేస్తూ మెట్లు దిగి పరుగు!

మిషనక్క మనసు చివుక్కుమంది. అంతలో పిల్ల కిసుక్కున నవ్వింది. ఆ నవ్వు ఈమెకీ అంటుకుంది. టార్చి వెలుగులో విగ్గు వెతుక్కుని, చెయ్యీ చెయ్యీ పట్టుకుని కిందికి దిగారు.

బాబాయ్ గేటు దగ్గర గజగజలాడుతున్నాడు.

"నేనే బాబాయ్. నా ముఖం చూసి జడుసుకున్నావు... ఫర్వాలేదులే."

"నీ ముఖమా?" ఆయన తెల్లబోయాడు. "పొద్దున్నే 'టీ తాగావా బాబాయ్' అని అడిగే ముఖం తల్లీ అది! దాన్ని చూసి నేనెందుకు జడుసుకుంటాను?"

"అయితే నన్ను చూసా?" పిల్ల తల తడుముకుంది.

"నేలమీద ముడుచుకుని కూర్చున్నది నువ్వేగా? నిన్నూ చూశాను." ఆయన గొంతు తగ్గించాడు. "మీ ఇద్దరి వెనకా నిలబడి కళ్ళు తుడుచుకుంటోందే... ఆవిడెవరు?"