స్టీరింగ్ బాబాయి

“బాబాయి గారూ, మీ మీద గౌరవంతోనే చెబుతున్నాను. మీ పుణ్యమా అని మా రిపేరు షెడ్డు ముందు మూడు కార్లు పొగలు కక్కుతున్నాయి.”

ఫోన్‌లో ఆ అమ్మాయి గొంతు వినగానే అనౌన్సర్ కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. అతని వయసు ఇరవై ఎనిమిది. కానీ శనివారం ఉదయం ఎనిమిదిన్నర నుంచి తొమ్మిది దాకా మాత్రం అరవై రెండు. రేడియోలో కార్ల బాగోగుల గురించి చెప్పే ‘స్టీరింగ్ బాబాయి’ అతనే.

అసలు బాబాయి వేరే. పని మానేసి ఇంటిపట్టున ఉంటున్న పాత మెకానిక్ ఆయన. ఏడాది కిందట కూతురి దగ్గరికి వెళ్లిపోతూ, నాలుగు నోటుపుస్తకాలు స్టేషన్‌లో ఇచ్చి, “వీటితో నడిపించుకోండి” అన్నాడు. బాబాయి లేకపోతే శ్రోతలు ఊరుకోరని డైరెక్టర్‌కి బెంగ పట్టుకుంది. “నీది ఎలాగూ బొంగురు గొంతే. కాస్త దగ్గు కలుపు, సరిపోతుంది” అని అనౌన్సర్‌ని ఆ కుర్చీలో కూర్చోబెట్టేశాడు. అనౌన్సర్‌కి కారు లేదు. ఉన్నా నడపడం రాదు.

“నేనేం చేశానమ్మా?” అన్నాడు, గొంతులోకి వయసు తెచ్చుకుని.

“ఇంజిన్ ఆయిల్ పై గీత దాటి ఇంకాస్త పోసినా నష్టం లేదు అన్నారు. ముగ్గురు మీ మాట నమ్మి పోసేశారు. ఒకాయనైతే మిగిలింది పారేయడం దేనికని రెండో డబ్బా కూడా ఖాళీ చేశాడు.”

ఆ మాట నోటుపుస్తకంలో లేదు. కార్యక్రమం ముగియడానికి అర నిమిషం మిగిలితే అతను సొంతంగా అల్లింది.

“అంటే, ఎక్కువైతే ఏమవుతుంది?” అని నోరు జారాడు.

“అది మీరు నన్ను అడుగుతున్నారా?”

“నీకు తెలుసో లేదో చూస్తున్నానమ్మా.”

“ఎక్కువైతే లోపల తిరిగే క్రాంక్ ఆయిల్‌ని చిలికేస్తుంది. నురగ వస్తుంది. నురగతో ఇంజిన్ భాగాలకి రక్షణ ఉండదు. సీళ్లలోంచి కారుతుంది, పొగ వస్తుంది. బండిని చదునైన చోట ఆపాలి. ఇంజిన్ ఆపి పది నిమిషాలు ఆగాలి. ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ తీసి తుడిచి, మళ్లీ పెట్టి, మళ్లీ తీసి చూడాలి. రెండు గీతల మధ్య ఉంటే చాలు. పాసయ్యానా?”

“నూటికి నూరు.”

“సంతోషం. శనివారం మీ తప్పు మీరే దిద్దుకోండి.” ఫోన్ పెట్టేసింది.

అతను దిద్దుకున్నాడు. అక్కడితో ఊరుకుని ఉంటే ఈ కథ లేదు. మరుసటి గురువారం షెడ్డుకి తనే ఫోన్ చేశాడు. “ఈసారి టైర్ల గురించమ్మా. చెప్పేముందు ఒకసారి నీకు వినిపిద్దామని.”

“ఇంత అనుభవం ఉన్నవారు నన్ను అడగడమేంటి బాబాయి గారూ?” అంది. కానీ ఆ గొంతులో ఈసారి కోపం లేదు. ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, నట్టు బిగిస్తూనే చెప్పింది. గాలి ఎప్పుడూ టైరు చల్లగా ఉన్నప్పుడే చూడాలట. నడిపాక చూస్తే ఎక్కువ చూపించి మోసం చేస్తుందట. స్టెప్నీని ఎవరూ పట్టించుకోరట, తీరా కావాల్సినప్పుడు అది మనల్ని పట్టించుకోదట.

అలా ప్రతి గురువారం ఒక ఫోను. మొదట పావుగంట, తర్వాత అరగంట, తర్వాత ఎంతో ఇద్దరికీ తెలియదు. కారు సంగతులు అయిపోయాక వేరే సంగతులు మొదలయ్యేవి.

“కొత్తగా వచ్చే ప్రతివాళ్లూ ‘మెకానిక్ లేడా’ అని అడుగుతారు బాబాయి గారూ. చేతిలో స్పానర్ పట్టుకుని ఎదురుగా నేనే ఉంటాను. ‘వస్తాడు, కూర్చోండి’ అని చెప్పి బండి బాగుచేసి ఇచ్చేస్తాను. తాళం చేతికిచ్చాక కూడా, ఇంకా రాలేదేంటని గుమ్మం వైపు చూస్తుంటారు.”

అతను పకపకా నవ్వేశాడు. అది ఇరవై ఎనిమిదేళ్ల నవ్వు. గబగబా దగ్గు కలిపాడు.

“మీ దగ్గు తగ్గట్లేదు. డాక్టర్‌కి చూపించుకోండి” అంది ఆమె, నిజమైన బాధతో.

ఆ రాత్రి అతనికి అన్నం సహించలేదు. తను పీకల్లోతు మునిగిపోయాడని తెలిసిపోయింది. మునిగితే మునిగాడు, వరసైనా కలిసిరావాలి కదా. ఆ అమ్మాయికి తను బాబాయి. సాక్షాత్తూ తండ్రికి తమ్ముడి వరస.

ఆమెను ఒక్కసారైనా చూడాలనిపించింది. బ్యాంకులో పనిచేసే అక్క దగ్గరికి వెళ్లాడు.

“అక్కా, నీ కారు బ్రేకులు కీచుమంటున్నాయి.”

“ఆరు నెలల నుంచి అంటున్నాయి. నీకు ఇవాళే వినిపించిందా?”

“ప్రమాదం అక్కా. నాకు తెలిసిన షెడ్డు ఒకటుంది.”

అక్క అతని మొహంలోకి చూసింది. కొత్త చొక్కా చూసింది. ఇంకేమీ అడగకుండా తాళాలు తీసుకుంది.

వాళ్లు వెళ్లేసరికి చినుకులు మొదలయ్యాయి. రేకుల కప్పు మీద వాన టపటపలాడుతోంది. గోడకి కొక్కేలకు వేలాడే బెల్టులు, మూలన టైర్ల దొంతర, స్తంభానికి కట్టిన చిన్న రేడియో. దాని కింద ప్లాస్టిక్ కుర్చీలో పేపర్ చదువుకుంటూ ఆమె తండ్రి. మోకాళ్ల నొప్పులతో పని కూతురికి వదిలేశాడు కానీ, కుర్చీ వదల్లేదు. ఒక కారు కిందనుంచి రెండు బూట్లు మాత్రం కనిపిస్తున్నాయి.

అక్క నోరు తెరవబోయింది. “మెకానిక్...”

“మీరే కదండీ?” అన్నాడు అనౌన్సర్ గబుక్కున, ఆ బూట్లతో.

కారు కిందనుంచి ఆమె జారి బయటికొచ్చింది. చెంప మీద నల్లటి చార, నుదుటికి అతుక్కున్న జుట్టు, చేతిలో టార్చి. ఆ టార్చి వెలుగు సరిగ్గా అతని కళ్లలో పడింది. వెలుగు లేకపోయినా అతనికి ఇంకేమీ కనిపించేది కాదు.

“అవునండి. అడక్కుండా కనిపెట్టినవాళ్లు మీరే మొదలు” అంది.

చక్రం విప్పి, అరిగిన బ్రేకు ప్యాడ్ అక్క చేతిలో పెట్టింది. “ఇది బాగా అరిగితే ఈ చిన్న రేకు డిస్క్‌కి తగిలి కీచుమంటుంది. విసుక్కోకూడదు, మనకి ముందుగా చెప్పడానికే దాన్ని పెట్టారు. కీచుమనడం పోయి గరగరమంటే, ఇనుమూ ఇనుమూ రాసుకుంటున్నట్టు. అప్పుడు డిస్క్ కూడా పోతుంది.”

“టైర్లలో గాలి కూడా చూస్తారా? ఇప్పుడు వద్దులెండి, వేడిగా ఉంటాయి” అన్నాడు అతను.

ఆమె తలెత్తింది. “మీరు స్టీరింగ్ బాబాయి ప్రోగ్రాం వింటారా?”

“ఒక్కటి కూడా వదల్లేదు.”

“ఏ కారు మీది?”

“లేదండి. నడపడం కూడా రాదు.”

ఆమె నవ్వింది. మూడు నెలలుగా ఫోన్‌లో విన్న నవ్వు, ఇప్పుడు మూరెడు దూరంలో. కుర్చీలోని తండ్రి పేపర్ దించి, కళ్లద్దాల పైనుంచి అతన్ని ఎగాదిగా చూశాడు. “అబ్బాయి గొంతు బాగుంది” అని మళ్లీ పేపర్‌లోకి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత అక్క కారుకి పట్టిన యోగం అంతా ఇంతా కాదు. వారానికోసారి అక్కని వెంటబెట్టుకుని షెడ్డులో దిగేవాడు. వైపర్లు మారాయి. హారన్ మారింది. బ్యాటరీకి తీగలు తగిలించే చోట తెల్లటి బూజు పోయింది.

“మీ అక్కగారి కారులో ఇంకా ఏం మిగిలిందండీ?” అని ఒకరోజు మెకానిక్ అడిగింది.

“వెనక సీటు కాస్త నీరసంగా ఉంది.”

“సీటా, తమ్ముడా?” అంది అక్క. మెకానిక్ గబుక్కున బానెట్ లోపలికి తల దూర్చింది. చెవులు మాత్రం ఎర్రగా బయటే ఉండిపోయాయి.

ఆ వచ్చిన గురువారం, ఫోన్‌లో ఇంజిన్‌ని చల్లబరిచే కూలెంట్ సంగతి అయిపోయింది. ఇంజిన్ వేడి మీద ఉండగా దాని మూత తీయకూడదని రాసుకున్నాడు. అవతల ఆమె మాత్రం ఫోన్ పెట్టలేదు.

“బాబాయి గారూ, కారు సంగతి కాదు. ఒకటి అడగనా?”

“అడగమ్మా.”

“ఒకబ్బాయి వస్తున్నాడు షెడ్డుకి. డ్రైవింగ్ రాదు కానీ కార్ల గురించి చాలా తెలుసు. నేను మెకానిక్‌నంటే వింతగా చూడలేదు. నాకు నచ్చాడేమో అనిపిస్తోంది. అమ్మ ఉంటే అమ్మని అడిగేదాన్ని. మీరు పెద్దవారు. ఏమంటారు?”

అతని చేతిలో పెన్ను ఆగిపోయింది. ‘మంచివాడే తల్లీ, చేసుకో’ అని ఒక్క దగ్గు దగ్గితే చాలు. ఆమె నమ్ముతుంది. నమ్ముతుంది కాబట్టే అతనికి ఆ మాట నోట రాలేదు. నమ్మకంతో అమ్మ స్థానంలో కూర్చోబెట్టిన మనిషిని అడ్డం పెట్టుకుని తన సంబంధం తనే కుదుర్చుకోవడమా?

“ఆ అబ్బాయి మీకు అబద్ధం చెప్పాడు” అన్నాడు.

“అదేంటి, మీ గొంతు...”

“ఇదే నా గొంతు. అక్క కారుతో వచ్చేది నేనే. స్టీరింగ్ బాబాయినీ నేనే. క్షమించండి.”

అవతల ఏదో ఇనుప వస్తువు నేల మీద పడింది.

“అమ్మ పోయినప్పుడు నాన్న ముందు ఏడవలేక, కారు కింద పడుకుని ఏడ్చానని చెప్పాను. ఎవరికీ చెప్పని మాట. పెద్దాయన కదా అని చెప్పాను.”

“తెలుసు. అందుకే ఇంక ఆ గొంతుతో మాట్లాడలేకపోయాను.”

ఆమె ఫోన్ పెట్టేసింది. శుక్రవారం ఎన్నిసార్లు చేసినా తీయలేదు.

శనివారం ఎనిమిదిన్నరకి అతను మైకు ముందు కూర్చున్నాడు. దగ్గలేదు.

“శ్రోతలకి నమస్కారం. నేను స్టీరింగ్ బాబాయిని కాను. నా వయసు ఇరవై ఎనిమిది, నాకు డ్రైవింగ్ రాదు. అసలు బాబాయి వెళ్లిపోయాక ఏడాదిగా ఆయన గొంతుతో మీతో మాట్లాడుతున్నాను. ఈ నాలుగు నెలలుగా నేను చెప్పిన మంచి మాటలన్నీ ఒక మెకానిక్ నేర్పినవి. ఆమెకి తెలియకుండా ఆమెనీ, మీ అందరినీ మోసం చేశాను. క్షమించమని అడగడానికే వచ్చాను.”

అద్దం అవతల డైరెక్టర్ రెండు చేతులూ ఊపుతున్నాడు. ఫోన్ లైట్లన్నీ ఒక్కసారి వెలిగాయి.

మొదటి ఫోన్ ఒక పెద్దావిడది. “నువ్వు మా మనవడి వయసువాడివా? ఇన్నాళ్లూ నిన్ను ‘గారూ’ అన్నాను. నా గారూలు నాకిచ్చేయ్” అని పెట్టేసింది. రెండో ఆయన, “అదంతా సరే, మా కారు ఏసీలోంచి గాలి సరిగ్గా రావట్లేదు. దానికెవరు చెబుతారు?” అన్నాడు.

మూడోది షెడ్డు నుంచి. ఆమె కాదు, తండ్రి.

“బాబూ, మీ అసలు బాబాయి, మా అమ్మాయి పుట్టకముందు, పదిహేనేళ్లు నా షెడ్డులో పనిచేశాడు. వాడి గొంతు నాకు తెలియదా? నువ్వు దగ్గిన మొదటి వారమే పట్టేశాను. నువ్వు షెడ్డులో నోరు తెరిచినప్పుడు, ఆ దగ్గు ఎవరిదో కూడా తెలిసింది.”

అనౌన్సర్ మైకుకి ఇంకాస్త దగ్గరగా జరిగాడు. “మరి మీ అమ్మాయికి చెప్పలేదేమండీ?”

“గురువారం వస్తే ఫోన్ పట్టుకుని అది నవ్వేది. వాళ్లమ్మ పోయాక షెడ్డులో ఆ చప్పుడు వినలేదు. నేను చేతులారా ఎలా ఆపుతాను? అది తెలిసి ఇప్పుడు నా మీద కూడా కోపంగా ఉంది. చెరిసగం పంచుకుందాం.”

వెనకనుంచి, “నాన్నా, ఫోన్ ఇటివ్వండి” అని వినిపించింది. తర్వాత ఆమె గొంతు, రేడియోలో, అందరికీ వినిపించేలా.

“ఏసీ గురించి అడిగినాయన వింటున్నారా? ముందు లోపలి ఫిల్టర్ తీసి చూడండి. చాలా కార్లలో గ్లవ్‌బాక్స్ వెనక ఉంటుంది. దుమ్ముతో నిండిపోతే గాలి రాదు. మార్చినా రాకపోతే, అప్పుడు షెడ్డుకి తీసుకెళ్లండి.” అక్కడితో ఫోన్ పెట్టలేదు. “రేడియో ఆయన కూడా రావాలి, షెడ్డుకి. అక్కగారి కారు లేకుండా.”

డైరెక్టర్ చేతులు ఊపడం ఎప్పుడు మానేశాడో ఎవరూ చూడలేదు. “ఆ అమ్మాయి శనివారాలు ఖాళీయేనా, కనుక్కో” అన్నాడు, అతను బయటికి పరుగెడుతుంటే.

అతను వెళ్లేసరికి ఆమె తన పాత కారుని షెడ్డు వెనక ఖాళీ స్థలంలో నిలబెట్టి ఉంచింది. “ఎక్కండి. అటు కాదు, స్టీరింగ్ వైపు.”

ఎక్కాడు. పక్కన ఆమె కూర్చుని తలుపు వేసింది.

“నాలుగు నెలలు నా సంగతులన్నీ మీరు విన్నారు. మీ గురించి నాకు ఒక్క ముక్క కూడా తెలియదు. ఇవాళ మీ వంతు. నడుపుతూ చెప్పండి. కారు సంగతులు మాత్రం వద్దు.”

“నడుపుతూనా?”

“ఎడం కాలు క్లచ్ మీద. మొదటి గేరు. నిదానంగా వదలండి. ఊఁ, మొదలుపెట్టండి.”

మొదలుపెట్టాడు. చిన్నప్పుడు నత్తి ఉండేదని చెప్పాడు, ఇంజిన్ ఆగిపోయింది. నత్తి పోవడానికి గది తలుపేసుకుని రేడియోకి ఎదురు మాట్లాడేవాడినని చెప్పాడు, కారు ఎగిరెగిరి నాలుగడుగులు వేసింది. ఇంకొకరి గొంతులో ఉంటే భయం ఉండదనీ, సొంత గొంతుతో మాట్లాడాలంటే ఇప్పటికీ అరచేతులకి చెమటలు పడతాయనీ చెప్పాడు. ఆమె స్టీరింగ్ మీద అతని చేతులు చూసింది. నిజంగానే తడిగా ఉన్నాయి.

“ఇప్పుడు మీరు మాట్లాడుతున్నది ఎవరి గొంతు?” అని అడిగింది మెల్లగా.

“నాదే. దీంతోనే చెప్పాలని ఉంది. మీరంటే నాకు చాలా ఇష్టం. కోపం పోకపోయినా, మీకు తెలిస్తే చాలు.”

కారు ఆగలేదు. మొదటిసారిగా సాఫీగా, నత్తనడకన, స్థలం చుట్టూ తిరుగుతోంది. అతను ఆమె మొహం కేసే చూస్తున్నాడు.

“కోపం ఇంకా కొంచెం ఉంది” అంది ఆమె. “ఇష్టం అంతకన్నా ఎక్కువే ఉంది. ముందు చూసి నడపండి, గోడ వస్తోంది.”

గోడ రానే వచ్చింది. ఆమె చెయ్యి అతని చేతి మీద పడి స్టీరింగ్ తిప్పింది. తిప్పాక కూడా తీయలేదు.

రెండు చుట్లు తిరిగి షెడ్డు ముందుకొచ్చి ఆగారు. తండ్రి కుర్చీలోంచి, మోకాళ్లు పట్టుకుని, నెమ్మదిగా లేచి నిలబడ్డాడు. కారు దగ్గరికి నడిచి వచ్చి కిటికీలోకి వంగాడు.

“రేపు మధ్యాహ్నం భోజనానికి రా బాబూ. మీ అక్కనీ, మీ అమ్మానాన్నల్నీ తీసుకురా. పెద్దవాళ్లం మాట్లాడుకోవాల్సింది ఉంది.”

అతను ఆమె వైపు తిరిగాడు. వస్తున్న నవ్వు దాచుకోవడానికి ఆమె చేతిలోని గుడ్డ మొహానికి అడ్డం పెట్టుకుంది. ఆ గుడ్డ నిండా గ్రీజు. తీసేసరికి ముక్కు నుంచి గడ్డం దాకా నల్లగా ఉంది.

“ఏంటి, అలా చూస్తున్నారు ఇద్దరూ?” అంది.

“ఏం లేదమ్మా. బాగున్నావు” అన్నాడు తండ్రి.

“చాలా” అన్నాడు అనౌన్సర్.